సర్వర్‌కు పంక్తిభేదమా?

ఎర్రగుంట్ల,
14-5-2007.

కువైట్‌లో ఉన్న మా ఇంటాయనకు నమస్కరించి రామలక్ష్మమ్మ రాసేది. స్వామి దయవల్ల ఇక్కడ పిల్లలు, అత్తమ్మ, మీ అన్నగారు, అందరం బాగున్నాం. అక్కడి ఎండకు మీ కళ్లమంట తగ్గిందో లేదో రాయండి.

మీ ఉత్తరమూ, టీవీలకు, కంప్యూటర్‌కు తీగలు ఎట్లా లాగాలో మీరు గీసిన ఇంటి పటమూ అందాయి. అడిగినవాటికి జవాబు రాస్తున్నా. నడింటి నుంచి మేడమీది గదికి తాడు పట్టి కొలిచాను, పద్దెనిమిది మీటర్లు. కంప్యూటర్ డబ్బా కిటికీ కింద వద్దు. పొద్దున తుడిచిన బల్లమీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు, ఫ్యాక్టరీ సిమెంటు దుమ్ము అట్లుంది. మెట్ల కింద అర ఖాళీ చేశాను. కరెంటు రోజూ నాలుగు గంటలు పోతోంది, ఇన్వర్టర్ లేనిదే మీ యంత్రం నిలవదు.

అంతకుముందు ఉత్తరంలో 'సర్వర్' అని రాశారు. నాకు తెలిసిన సర్వర్ హోటల్లో ఇడ్లీ తెచ్చేవాడే. శనివారం నేను చదివే పురాణానికి వచ్చినవాళ్లతో "మా ఆయన సర్వర్‌ను తెస్తాండాడు" అనేశాను. మరునాడే హోటలు గోపన్న వాకిట్లో నిలబడ్డాడు.

"ఏమ్మా, కువైట్ నుంచి సర్వర్ వస్తాండాడంట! మావోడు చట్నీ అడిగితే సాంబారు పోస్తాండాడు. ఆయప్పను నాకు పంపీరాదా?"

ఇల్లంతా నవ్వింది. ఇప్పుడు మీరు విడమరచి రాశారు: సినిమాలు, పాటలు, నా పురాణం అన్నీ ఒకే పెట్టెలో ఉంచుకొని, ఏ గదిలో ఎవరు అడిగితే వాళ్లకు పంపేదట. అంటే వడ్డించేదే కదా! నేనన్నదాంట్లో తప్పేముంది?

వడ్డించేవాడికి ఒక ధర్మముంది. పంక్తిలో ఒకరికి నెయ్యి, ఒకరికి నీళ్ల మజ్జిగ పోయరాదు. అయిదో తరగతితో బడి మాని, అక్షరాలు కూడబలుక్కొని చదివిన గ్రంథాల్లో నాకు దొరికింది ఇదే. అడవిలో ముసలామె కొరికిచ్చిన పండు తిన్నవాడు మన దేవుడు. "పండు అక్కడ పెట్టి నువ్వు దూరం జరుగు" అన్నాడా ఆయన?

మరి మీ పటంలో నాలుగో తీగ ఏమిటి? మూడు తీగలు మూడు గదులకు. నాలుగోది వసారాలో చిన్న టీవీకి. పక్కన "బయటివాళ్లకు" అని రాశారు. ఎవరు బయటివాళ్లు? లారీల కాడ చిందిన సిమెంటు ఊడ్చే హంపమ్మా, ఆమె వాడ ఆడవాళ్లూ. ఆరేళ్లుగా ప్రతి శనివారం గడప అవతల కూర్చొని పురాణం విన్నవాళ్లు.

"అమ్మా, గడప కాడికి నీ మాట ఇనపడ్తాది. ఇంగ టీవీలో బొమ్మ గూడా పెడ్తే మేం యాడ కూచోవల్ల?" అని హంపమ్మ అడిగింది.

"నా పక్కన" అన్నాను. నోరు జారి అనలేదు.

మీ అన్నగారు విన్నారు. "నడింట్లోనా? దేవుని పటాలుండాయి కదమ్మా ఈడ!"

"దేవుడు ఆమె కాడికి పోవచ్చు గానీ, ఆమె దేవుని కాడికి రాకూడదా బావా?"

"నాకు పురాణం చెప్పొద్దు. మా తమ్ముడు ఏమన్నాడో అది చెప్పు."

ఇంతసేపూ దాచిన మాట ఇప్పుడు రాస్తున్నా. మీ పటంలో నాలుగో తీగను, "బయటివాళ్లకు" అన్న మాటను సిరాతో కొట్టేశాను. నడింటి పక్కన "అందరికీ" అని మీ చేతిరాతలాగే రాశాను. అది బావగారి చేతిలో పెట్టి, "ఇదే మీ తమ్ముని మాట" అన్నాను. అబద్ధం పాపమని శనివారం శనివారం చెప్పే నోటితోనే అన్నాను. ఈ ఇంట్లో నా మాటకు లేని విలువ మీ కాగితానికుంది. అందుకే అట్లా చేశాను. తప్పని ఒప్పుకుంటాను, చెరిపేయను.

ఆయన శానాసేపు ఆ కాగితం చూసి, "వాని నోట వింటేగానీ నమ్మను" అన్నారు. వచ్చే నెల మొదటి ఆదివారం మీరు ఎప్పటిలా ఫోన్ చేసినప్పుడు అడుగుతారు. అవునంటారో, కాదంటారో మీ ఇష్టం. కాదంటే, నేను అబద్ధమాడానని పురాణం పీట మీద కూర్చొనే అందరికీ చెప్తాను. అయితే ఆ ఆదివారానికి ముందు మూడు శనివారాలున్నాయి. మీరు ఫోన్ చేసేసరికి హంపమ్మ మూడుసార్లు నడింట్లో నా పక్కన కూర్చొని ఉంటుంది. ఆమెను లేవమని చెప్పాల్సింది ఇక మీరే.

ఇట్లు,
తప్పు చేసీ తల వంచని మీ ఇల్లాలు,
రామలక్ష్మమ్మ