దాల్చిన చెక్క వాసన

మంగళవారం, రాత్రి

రెండుసార్లు సోపు పెట్టి కడిగినా చేతుల వాసన పోలేదు.

పట్టుపురుగులు గూడు కట్టేదాకా ఇంట్లో తాలింపు కూడా పెట్టకూడదని మా అత్త కాలం నుంచీ కట్టడి. ఘాటు వాసన తగిలితే అవి ఆకు ముట్టవు. అది తెలిసి కూడా మరిచిపోయాను. కూతురి బిడ్డ కావ్య ఆపిల్ ముక్కల మీద ఓట్సు, బెల్లం, వెన్న కలిపి చల్లి, "అవ్వా, దాల్చిన చెక్క ఉండాదా?" అంటే నేనే దంచి ఇచ్చాను. ఓవెన్ వేడెక్కాక ఆ వాసన పురుగుల ఇంటిదాకా పోయింది.

కొడుకు శీనప్ప తోట నుంచి వస్తూనే గడపలో నిలబడ్డాడు.

"ఏం వాసనమ్మా ఇది?"

"పక్కింట్లో ఏమో చేస్తాండారప్పా."

కావ్య నోరు తెరవబోతే కాలు తొక్కాను. అప్పటికే ఓవెన్‌లోంచి తీసిన ట్రే నా మంచం కింద ఉంది.

పోయిన పంట పురుగులకు రోగమొస్తే గుంతలో పూడ్చాము. ఇదీ పోతే మల్బరీ తోట పీకేస్తానన్నాడు శీనప్ప.

సాయంత్రం వాడు ఆకు వేశాక తలుపు దగ్గర నిలబడి విన్నాను. ఎప్పుడూ అవి నమిలే చప్పుడు వాన పడినట్టు ఉండేది. ఇవాళ ఏమీ వినబడలేదు. నా చెవులు మందమైనాయో, అవి తినడం మానేశాయో తెలియదు. వాణ్ణి అడగాలంటే నిజం చెప్పాలి.

కావ్య బలవంతాన ఒక స్పూను తిన్నాను. రుచిగా ఉంది, ఇంకో స్పూను వద్దన్నాను.

పొద్దున వాడికంటే ముందు లేచి చూడాలి. ఆకు మిగిలి ఉంటే నేనే చేశానని చెప్తాను. కావ్య పేరు రానివ్వను. మిగలకపోతే...