పుష్పా, నీ కంప్యూటర్లో బల్లి

పుష్పా, వైరస్సు, వైరస్సు అని వారం నుంచి ఏడుస్తాంటివే, అది వైరస్సు కాదు తల్లీ, బల్లి. డబ్బా విప్పితే లోపలి ఫ్యాన్లో ఇరుక్కొని, వడియం మాదిరి ఎండిపోయి ఉండాది. థూ! ఫ్యాన్ తిరగక, వేడెక్కి ఆగిపోతాండె. దాని చుట్టూ నీ వెంట్రుకలు, నువ్వు తిన్న శనక్కాయల పొట్టు, దోసెడు మట్టి. ఆ మట్టికి ఒక్క వాన పడింటే ఎకరా పంట తీసేవాణ్ణి. సైకిల్ పంపుతో అంతా ఊదినా. మళ్లా స్విచ్చి వేసి చూస్తి, ఈసారి ఆగలేదు. ఇంక నెలకొకసారి వైరు పీకి నువ్వే ఊదు. దాని ముందర శనక్కాయలు తినొద్దు. రేపు ఇయ్యాల్సిన ప్రాజెక్టు కూర్చొని టైపు కొట్టుకో. పనైనాక ఆపి, డబ్బా చల్లారినాక దాని మీద నా తువ్వాలు కప్పు. నేను గుంతకల్లుకు పోతాండా.

తాత

బల్లిని ముట్టినాక తలకు పోసుకోకుంటే ఎట్ల? నువ్వు దాచుకున్న బిందె నీళ్లు అయిపోయినాయి. బల్లి నీదే కదా!