వల లేని పడవకి ఇంజను

రత్నం,

నువ్వు వెళ్ళి ఏడాది దాటింది. నేను బాగానే ఉన్నాను. అన్నం వండుకోవడం నేర్చుకున్నాను, కూరలు మాత్రం ఇంకా మాడుస్తూనే ఉన్నాను.

పడవకి ఇంజను బిగించారు. ముందు ఆ మాటే చెప్పాలి కదా నీకు... పది హార్స్‌పవరు. నువ్వు అడిగిందే.

నువ్వు పోయేనాటికి పడవ బందరులో, గిలకలదిండి ఒడ్డున, చెక్కపని పూర్తయి ఇంజను లేకుండా ఉంది. గుడివాడ ఇల్లు ఖాళీ చేసి మనిద్దరం అందులోనే బతకాలనుకున్నాం. అందరూ ముసలాళ్ళకి మతిపోయిందన్నారు. వాళ్ళెవరూ నీ మాట వినలేదుగా. "నేల మీద పడుకున్నవాళ్ళనే కదండీ ఉప్పెన తీసుకుపోయింది. నీళ్ళ మీద పడుకుంటే నీళ్ళతోపాటు మనమూ లేస్తాం." ఆ ఉప్పెన వచ్చి ఇరవై ఏళ్ళు దాటినా, వాన కురిసిన రాత్రి నువ్వు మంచం దిగి కూర్చునేదానివని నాకు తప్ప ఎవరికి తెలుసు?

గొడవంతా ఇంజను దగ్గరే. గిలకలదిండిలో ఎవరినడిగినా మొదటి ప్రశ్న ఒకటే, వల ఎంత అని. అక్కడ ఇంజను బలాన్ని వల బరువుని బట్టి లెక్క కడతారు. వల లేని పడవకి వాళ్ళ దగ్గర లెక్కే లేదు. అందుకని అలవాటైన లెక్కే అప్పజెప్పారు. అందరికంటే గట్టిగా మీ తమ్ముడు నాంచారయ్య. నలభైకి తక్కువైతే కాలు పెట్టనన్నాడు. సముద్రంలో లైబ్రరీ తెరుస్తున్నావా బావా, మోపెడ్ ఇంజను చాల్లే అని నలుగురిలో నవ్వాడు.

నువ్వు ఊరుకున్నావా? "ఒరేయ్, నీ పడవ వలని ఈడవాలి. నా పడవ మీ బావని ఈడవాలి. ఆయనేం అంత బరువు కాదులే!"

ముప్పై ఏళ్ళు పుస్తకాల మధ్య ఉద్యోగం చేసినవాణ్ణి, పడవల మీద దొరికిందల్లా చదివాను. పొడవుని బట్టి ప్రతి పడవకీ ఒక వేగం ఉంటుంది. దాన్ని మించి పరిగెత్తించాలని చూస్తే వెనకాల అల లేస్తుంది, డీజిలు తగలబడుతుంది, అంతే. అది చదివి వినిపిస్తే చేపముక్కలు తిరగేస్తూ అన్నావు, "మరి నేనేవన్నాను? నడిచే మనుషులకి పరిగెత్తే ఇంజనెందుకండీ?"

నువ్వు పోయాక నాంచారయ్య మళ్ళీ వచ్చాడు. అక్కే లేదు, ఇంక నీకెందుకు బావా, నలభై పెట్టి వల కట్టుకుంటాను, నాకివ్వమన్నాడు. ఇవ్వలేదు. పంతం కొద్దీ పది బిగించాను. నీ మీద ప్రేమతోనే అని చెప్పుకోవచ్చు... అబద్ధమెందుకు?

మనం పడవ కట్టుకుని ఉందామనుకున్న నాగాయలంక దాకా తీసుకెళ్ళడానికి ఎవరూ రామన్నారు. చివరికి వాడే వచ్చాడు. ఎందుకొచ్చాడో అడగలేదు. నాక్కావలసిందీ వాడే.

మన చిన్నదాన్ని అమ్మమ్మ దగ్గర నాలుగు రోజులుంచుతానని గుడివాడ నుంచి తీసుకెళ్ళింది వాడు. మీ పల్లెలో దింపి తను బందరు వచ్చేశాడు. మర్నాడే ఉప్పెన. మీ అమ్మ, చిన్నది, పల్లె మొత్తం... వాడు మాత్రం బతికాడు. ఆ మాట వాడి మొహాన అనాలని ఇన్నేళ్ళూ దాచుకున్నాను. నువ్వు అననిచ్చావా? "వాడు రోజూ అనుకుంటూనే ఉంటాడండీ. మళ్ళీ మీరెందుకు?" ఇప్పుడు ఆపడానికి నువ్వు లేవు. వాడు దిగి వెళ్ళిపోలేని చోట, నీళ్ళ మధ్యలో, అనేద్దామనుకున్నాను.

తెల్లవారుజామున బయల్దేరాం. సముద్రం మీద పడవ ఎంత బుద్ధిగా నడిచిందో... మధ్యాహ్నానికి, ఏరు సముద్రంలో కలిసే మొగలోంచి ఏట్లోకి తిరిగాం. అమావాస్య మర్నాడు, ఆటుకి బలమెక్కువ. ఆటు మీద ఏరంతా సముద్రంలోకి పరిగెడుతోంది. దానికి తోడు ఎదురుగాలి. ఇంజను పూర్తిగా తిప్పినా పడవ ముందుకి కదల్లేదు. వెనక్కీ పోలేదు. ఒడ్డున ఒక మడచెట్టుని గుర్తు పెట్టుకుని చూశాను. ఎంతసేపు చూసినా అది పక్కనే ఉంది.

అదనపు బలం వేగానికి కాదు, ఎదురొచ్చే నీటికని అప్పుడు తెలిసింది. వాడి వాదనలో ఆ ఒక్కటి నిజం. ఇదిగో బావా నీ పది అని నవ్వుతాడని తిరిగి చూశాను.

వాడు నావైపు చూడటం లేదు. చుక్కాని పట్టుకుని ఒడ్డుకేసి చూస్తున్నాడు. మడచెట్ల మధ్య ఒక బావిగట్టు. ఇంకేమీ లేదు. మీ పల్లె, రత్నం.

తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఇంజను మోతలో ఏమీ వినపడలేదు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. నేను దాచుకున్న మాట నోటిదాకా వచ్చింది... అక్కడే ఉండిపోయింది.

లంగరు వెయ్యొచ్చు. ఇద్దరికీ తెలుసు. ఇద్దరం వెయ్యలేదు. ఆటు తగ్గేదాకా, ఇంజను తిరుగుతూనే, ఆ బావి ఎదురుగా అలాగే నిలబడ్డాం.

ఇరవై హార్స్‌పవరున్నా దాటేసేవాళ్ళం. ఆ ఆటు ఎంత ఉధృతమో పుట్టినప్పట్నుంచీ ఎరిగినదానివి నువ్వు. పది చాలన్నప్పుడు ఈ చోటు నీ మనసులో ఉందా? మమ్మల్నిద్దర్నీ అక్కడ పట్టి నిలబెట్టాలనేనా...?

ఇప్పుడు నాగాయలంకలో, పడవలోనే ఉంటున్నాను. పోటుకి పడవ లేచినప్పుడల్లా మంచం నీ వైపు కొద్దిగా ఒరుగుతుంది, ఎవరో వచ్చి కూర్చున్నట్టు. తిరిగి చూడను.

వాడు బందరు బస్సెక్కుతూ, వచ్చే అమావాస్యకి మళ్ళీ వస్తాను బావా అన్నాడు. సరేనన్నాను. క్షమించానని మురిసిపోకు. ఆ మాట ఇంకా నా దగ్గరే ఉంది. కానీ వాడొస్తే ఇద్దరం వెళ్తాం. ఆటు ఉన్నంతసేపూ అక్కడే ఉంటాం.

ఇంజను మార్చను.

మీ ఆయన