నేల దగ్గర కిటికీ

భిలాయి

తమ్ముడు సూర్యనారాయణని అక్క పైడమ్మ దీవించి రాయిస్తున్న సంగతులు. నువ్వూ మరదలూ పిల్లలూ కులాసాయే కదా? నేను తింటున్నాను, తిరుగుతున్నాను, నా గురించి దిగులొద్దు. ఎస్‌టీడీ బూత్‌లో అరిచి చెప్పే మాటలు కావు గనక పక్కింటి టీచరమ్మ చేత రాయిస్తున్నాను. ఈ ఊరొచ్చి రెండేళ్లయినా ఇక్కడి రొట్టె అరగదు, ఈ ఎండ పడదు. కొడుకున్నన్నాళ్లూ అవేవీ తెలియలేదు.

నా కొడుకు సింహాచలం దినానికి నువ్వొచ్చినప్పుడు గుండెపోటన్నారు. అబద్ధం. వాడు పనిచేసిన కాలేజీలో గోరంత నల్లబిళ్ల ఒకటుంది. బాగా చల్లబరిస్తే దాన్లో కరెంటు ఏ అడ్డూ లేకుండా పారుతుందట. మన రేడియోకి అందని, బియ్యపుగింజంత పొడుగైనా లేని తరంగాలను అప్పుడది పసిగడుతుందట. మురిసిపోతూ చెప్పేవాడు. నీళ్లలా మార్చిన నైట్రోజన్ గాలిని ఫ్లాస్కుల్లో తెచ్చి దానికి పోయడం వాడి పని. తేమకి బిళ్ల చెడుతుందని గది కిటికీలు ఇటుకలతో మూయించారు. ఆ రోజు ఫ్లాస్కు ఒరిగి ఒలికింది. ఎత్తబోయి వంగినవాడు మళ్లీ లేవలేదు.

నేను ఫిర్యాదు పెట్టించాను. కాలేజీ పెద్దసారు పిలిపించాడు. తెలుగువాడే.

"గుండె ఆగిందని డాక్టరే రాశాడు కదమ్మా!"

"ధాన్యం పాతర్లో దిగినోడికీ గుండే ఆగుద్ది బాబూ, ముందు ఊపిరాడక! మా ఊళ్లో దీపం దించి సూసి గానీ దిగరు. నువ్వేటి సదూకున్నావు? ఓ దీపం నేలమీదెట్టి, ఆ గాలినీళ్లు పొయ్యి."

నవ్వుతూనే పోశాడు. తెల్లటి పొగ నేలంతా పాకింది. దీపం ఆరిపోయింది. నవ్వూ ఆగింది.

అయినా డాక్టరు రాసిన కాగితం మార్చలేదు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే కోడలు పార్వతికి ఉద్యోగమట. ఎక్కడనుకున్నావు? ఆ గదిలోనే!

"అత్తా, నీకు దండమెడతాను, నోరు ముయ్యి. పిల్లల్నేటెట్టి పెంచను?" అని పార్వతి ఏడ్చింది.

"అయితే గోడకి కిటికీ కొట్టించండి. పైన కాదు, నేల దగ్గర. ఆ గాలి కిందే కూకుంటాది. అప్పుడు మీ అబద్ధం కింద ఏలిముద్ర ఏస్తాను," అన్నాను పెద్దసారుతో.

"బిళ్ల చెడుతుందమ్మా!"

"బిళ్ల సెడితే ఇంకోటి సేసుకుంటావు. నా కొడుకుని సేసి ఇస్తావేటి?"

నిన్న గోడకి కిటికీ కొట్టారు. వంగి చెయ్యి పెట్టి చూశాను, బయటి గాలి తగిలింది. ఇవాళ ముద్ర వేశాను. రేపట్నించి పార్వతి పనిలోకి వెళుతుంది.

మన పెద్దమ్మకి నా దండాలు, పిల్లలకి ముద్దులు. ఊళ్లో ఎవరైనా సింహాచలం గుండెజబ్బుతో పోయాడంటే ఊరుకోకు. ఊపిరాడక చచ్చిపోయాడని చెప్పు. ఇక్కడ ఆ మాట అనే హక్కు నేను వదులుకున్నాను.

మీ అందరి మేలు కోరే
అక్క పైడమ్మ