తేనెటీగల చెట్టు

ఉత్తర తీరం, కంగారూ ద్వీపం
12 జనవరి 1997

ప్రియమైన గ్వెండీ,

అక్షరాలు కోడి గీకినట్టున్నాయని ఎగతాళి చెయ్యకు. తేనెటీగలు కుట్టి కుడిచెయ్యి బూరెలా పొంగింది. బడిపిల్లల పోస్టరు కోసం నువ్వడిగినవన్నీ పంపుతున్నాను. నల్ల కాకటూ చిలుకలు నమిలి పారేసిన సరుగుడు కాయలు, రాలిన ఎర్ర తోకఈక ఒకటి, అవి గూడు పెట్టే వాగొడ్డు నీలగిరి చెట్టు కొలతలు. తొర్ర నేలనించి నలభై అడుగుల పైన. పోసమ్‌లు పిల్లుల్లా పాకి ఎక్కి గుడ్డు తినెయ్యకుండా మానుచుట్టూ నేను కొట్టిన రేకు కూడా గియ్యి, నా కష్టమూ నలుగురూ చూడాలిగా!

ఒక్క మాట. మొన్న ఆ రేకు పైన మానుకి గాట్లు కనిపించాయి. మేకుల బూట్లేసుకుని ఎవడో ఎక్కి దిగాడు. ఏడాదికి ఒక్కటే గుడ్డు పెట్టే పిట్టలు, రెండేళ్లుగా ఒక్క పిల్లా దక్కలేదు. దొంగలు పైదేశాల్లో అమ్ముకోడానికి ఆ గుడ్డుని ఒంటికి కట్టుకుని విమానం ఎక్కేస్తారట. వాగునీ చెట్టునీ ఉన్నవి ఉన్నట్టు గీశావంటే వాడికి నువ్వే దారి చూపినట్టు. కాస్త ఆలోచించు తల్లీ.

నీ అక్క,
మావిస్

---

అడిలైడ్
2 ఫిబ్రవరి

ప్రియమైన అక్కా,

చెయ్యి తగ్గిందా? మందు రాశావా, ఎప్పట్లాగే తేనెటీగల్ని తిడుతూ కూచున్నావా?

నీ ఉత్తరం చదివితే కోపం వచ్చింది, దొంగ మీద కాదు, నీ మీదే. ముప్పై ఏళ్లుగా పిట్టల బొమ్మలు వేస్తున్నాను, లేని కొమ్మ ఒక్కటీ గియ్యలేదు. "చెట్టు అబద్ధమైతే దానిమీది పిట్టా అబద్ధమే" అని మా ముసలి మాస్టారు చెవులు మెలేసి నేర్పాడు. ఈ పిట్ట సరుగుడు కాయ తప్ప ఇంకోటి ముట్టదు, ముసలి చెట్టు తొర్ర తప్ప ఇంకోచోట గుడ్డు పెట్టదు. అది పిల్లలకి తెలియాలంటే ఆ చెట్టే ఉండాలి. వేరే చెట్టు గియ్యమంటే, నీ పెళ్లి ఫోటోలో బావ బదులు పక్కింటాయన్ని నిలబెట్టమన్నట్టుంది.

గుడ్డు పెట్టగానే రాయి. చచ్చేంత ఆత్రంగా ఉంది.

నీ చెల్లెలు,
గ్వెండా

---

ఉత్తర తీరం
9 మార్చి

ప్రియమైన చెల్లీ,

పిట్టల సంగతి ఇక ఉత్తరాల్లో రాయను. గుడ్డు ఉందనీ రాయను, లేదనీ రాయను. మా పోస్టాఫీసు కిరాణా కొట్టులోనే కదా, కవరు ఎన్ని చేతులు మారుతుందో ఎవరికెరుక.

గురువారం ఒకాయన వచ్చాడు. తెల్ల కారు, మట్టి అంటని బూట్లు. నేను పెట్టిన అంజూర జామ్ రుచి చూసి మెచ్చుకున్నాడు. పోతూ పోతూ, "మీ చెల్లెలుగారు ఈసారి మీ పిట్టల బొమ్మ వేస్తున్నారటగా. ఉన్నది ఉన్నట్టు వేస్తారని పేరు" అన్నాడు, నవ్వుతూనే. నాకో చెల్లెలుందని నేను చెప్పలేదు గ్వెండీ! వాడు వెళ్లాక తలుపు గడియ వేశాను. మీ బావ పోయిన తర్వాత కూడా ఈ ఇంటికి గడియ వేసిన రోజు లేదు.

నీ మాస్టారికో దణ్ణం, నీకో దణ్ణం. ఆ బొమ్మ మార్చు.

మావిస్

---

అడిలైడ్
20 ఏప్రిల్

ప్రియమైన అక్కా,

నువ్వే గెలిచావు. ఆ బూట్లాయన సంగతి చదివాక రెండు వారాలు కుంచె పట్టలేకపోయాను. తర్వాత, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, అబద్ధం గీశాను. వాగు తీసేశాను. చెట్టు తీసేశాను. జంటని తీసుకెళ్లి ఇంటి పక్క మన గొర్రెల ఉన్నికొట్టం వెనక రెండుతలల చెట్టు మీద కూచోబెట్టాను. చిన్నప్పుడు ఉయ్యాల కట్టుకున్నామే, అది. తాతల కాలం నించీ దాని తొర్ర నిండా తేనెటీగలేగా. మొన్న నీ చెయ్యి వాచేట్టు కుట్టినవీ అవేగా! వాడు ఎక్కి అందులో చెయ్యి పెట్టాలి, అప్పుడుంటుంది తమాషా. దారి తప్పకుండా కొట్టం కప్పు కూడా వేశాను.

నిన్ను నవ్వించాలని ఇన్నాళ్లూ చెప్పలేదు. మంగళవారం లాంచీలో మీ బడికీ కొట్టుకీ పోస్టర్లు వస్తాయి. నెల దాటింది, ఒక్క ముక్కయినా రాయవేం? నాకు భయమేస్తోంది. నవ్వావని రాయి, చాలు.

గ్వెండా

---

ఉత్తర తీరం
3 మే

ప్రియమైన గ్వెండీ,

తొమ్మిది రోజులుగా కలం పట్టుకుంటున్నాను, పెట్టేస్తున్నాను. నీ మీద కోపం లేదు. ఆ మాట ముందే చెప్తున్నాను.

జనవరిలో నన్ను కుట్టింది ఆ తేనెటీగలే. వాగొడ్డు చెట్టు దొంగ కళ్లలో పడింది కదా, ఇంటి దగ్గర ఇంకో తొర్ర ఉంటే కంటిముందే కాపలా కాయొచ్చని పొగబెట్టి ఆ తుట్టె దింపించాను. రెండుతలల చెట్టుకీ రేకు కొట్టాను. ఫిబ్రవరిలో జంట అందులోకి దిగింది. ఏప్రిల్ మొదట్లో గుడ్డు పెట్టింది. ఎంత సంబరపడ్డానో! నీకు రాయాలని చెయ్యి దురదపెట్టింది, బిగబట్టుకున్నాను.

పోస్టర్లు దిగిన మంగళవారం నేను పంటి నొప్పితో డాక్టరు కోసం కింగ్స్‌కోట్‌లో ఉన్నాను. గురువారం తిరిగొస్తూ కొట్టులో ఆగాను. గోడమీద మన కొట్టం కప్పు కనిపించింది, దాని వెనక మన చెట్టు. వెంటనే ఇంటికి బయల్దేరాను. ఇల్లు చేరేసరికి రేకు ఊడి కింద పడుంది. మానుకి కొత్త గాట్లు, జిగురు తడి కూడా ఆరలేదు. పొదిగేటప్పుడు పగలంతా తొర్ర వదలని ఆడపిట్ట బయట కొమ్మమీద కూచునుంది. ఇంకో పది రోజులుంటే పిల్ల వచ్చేది.

మగపిట్ట ఇప్పటికీ సాయంత్రం గింజలు మేసుకుని దానికి తినిపించడానికొస్తోంది. అది నోరు తెరవదు. తొర్ర అంచుకెళ్లి లోపలికి చూస్తుంది.

నేను నీకు చెప్పలేదు. నువ్వు నాకు చెప్పలేదు. వాడికి మాత్రం ఇద్దరం కలిసి చెప్పాం.

పోస్టరు గోడమీద అలాగే ఉంది, ఇప్పుడు తీసి ఏం లాభం. నిన్న ఒక చిన్నపిల్ల దాని ముందు నిలబడి, "మావిస్ ఆంటీ, ఈ చెట్టు నిజంగా ఉందా, ఊరికే గీశారా?" అని అడిగింది. నిజంగానే ఉందమ్మా, మా చెల్లెలు అబద్ధం గియ్యదు అన్నాను.

నీ అక్క,
మావిస్