సూదికి అందని మంట

అమ్మకు నీ కూతురు మీరాన్ నమస్కరించి రాస్తున్నది. నేను క్షేమం. వెల్డింగు నిప్పు ఇంకా నా కళ్ల జోలికి రాలేదు. అన్నయ్య సంగతి కింద రాస్తాను, మధ్యలో ఆపకుండా చదువు. నీకు ఫోనులో వినబడదు కాబట్టి ఉత్తరం కాంగ్ బాబాయి చేతికిస్తున్నాను. సాయంత్రం పడవకే దీవికి వస్తున్నాడు.

"అజీర్తి అని రాశావు, చెడురక్తం పోయేలా బొటనవేలు సూదితో పొడిచారా? రక్తం నల్లగా వచ్చిందా?" అని అడిగావు. పొడిచారమ్మా. నల్లగానే వచ్చింది. వేలికి దారం బిగించి కడితే ఎవడి రక్తమైనా నల్లగానే వస్తుంది!

మేం కట్టిన ఓడ నీళ్లలోకి దిగిందని మా బేక్ మేస్త్రీ విందు పెట్టాడు. వెళ్లకపోతే మర్నాటి నుంచి మనిషిని మనిషిగా చూడడు. పంది పొట్టమాంసం, దాని మీద సోజు సారా. అన్నయ్య పైకడుపు పట్టుకుని ముందుకు వంగిపోయాడు.

"ఏరా గ్వాంగ్‌చోల్, అంత పొట్టేసుకుని ఒక్క గ్లాసు పట్టదంటావేంటి? ఓడనే మింగేసేలా ఉన్నావ్!"

"అజీర్తనుకుంటా మేస్త్రీ. నొప్పి వీపులోకి పోతోంది."

"ఓస్, దానికేనా! సూదుంది కదరా."

మేస్త్రీయే పొడిచాడు. నల్లచుక్క చూసి అందరూ చప్పట్లు. "పోయింది, ఇక తాగు!" అన్నయ్య చెమటలు కక్కుతూ రెండు చేతులా గ్లాసు అందుకుని, పెద్దవాడి ఎదుట కదా, మొహం పక్కకు తిప్పుకుని మరీ తాగాడు. ప్రాణం పోతున్నా మర్యాదే! ఆ బల్లను తన్నేయాలనిపించింది. తన్నలేదు. మాంసం తిరగేస్తూ కూర్చున్నాను.

అది అజీర్తి కాదు, క్లోమం వాచింది. తిన్నది అరిగించాల్సిన రసం క్లోమాన్నే తినేస్తోందట. వాడిని చూస్తున్న డాక్టరు సోల్‌ను నిలదీశాను.

"అక్కడ బల్ల చుట్టూ అందరూ తాగారు. మా అన్నకే ఎందుకిలా?"

ఆవిడ విసుక్కోలేదు. "మొదలవడానికి తాగుడు చాలమ్మా. ఇంత ముదరడంలో పొట్టలో కొవ్వు చెయ్యి కూడా ఉండొచ్చు. కొవ్వంటే ఊరికే పడుండే నూనెమూట కాదు. అదీ రక్తంలోకి హార్మోన్లు పంపుతుంది. అడిపోనెక్టిన్ అని ఒకటుంది, అది ఒంట్లో వాపు మంటను చల్లారుస్తుంది. పొట్ట పెరిగినవాళ్లలో అదే తగ్గిపోతుంది. రెసిస్టిన్ లాంటివి పెరిగి మంటను ఎగదోస్తాయనుకుంటున్నాం. ఎంతవరకన్నది ఇంకా తేలలేదు."

అది తేల్చే పరిశోధనకే అన్నయ్య రక్తం కొంచెం అడిగారు. సంతకం పెట్టాను. తెలియదని ఒప్పుకున్న మనిషి నాకు ఆవిడొక్కతే కనబడింది.

వేసవిలో అన్నయ్య దీవికి వచ్చినప్పుడు వాడి పొట్ట తడిమి, "మావాడికి యజమాని పొట్ట వచ్చింది" అని రేవంతా చెప్పుకున్నావు. నిన్ను తిట్టడం లేదు. చిలగడదుంపలు తప్ప మరొకటి పెట్టలేక పెంచినదానివి, నిండిన పొట్ట చూస్తే మురవకుండా ఎలా ఉంటావు? కానీ ఆ పొట్ట లోపల్లోపల ఏం రాయబారాలు నడిపిందో మనకెవరు చెప్పారు? అందరూ నవ్వారు, అంతే.

ఎముకల పులుసు కాచి పంపుతానన్నావు. వద్దు. వాడికి నోటితో ఏమీ పెట్టడం లేదు.

అమ్మా, పోయిన ఉత్తరంలో అబద్ధం రాశాను. అజీర్తి అని రాసేనాటికే వాడు ఆసుపత్రిలో ఉన్నాడు. నువ్వు ఒక్కదానివీ పడవలో ఏడుస్తూ వస్తావని భయపడ్డాను. ఇప్పుడు మంట ఊపిరితిత్తులదాకా పాకింది. మిషను వాడికి ఊపిరి పోస్తోంది. రేపు మత్తు తగ్గించి, పిలిస్తే పలుకుతాడేమో చూస్తారట. పలకకపోతే ఏమిటని అడిగాను. డాక్టరు నా భుజం మీద చెయ్యి వేసింది.

నేను పిలిస్తే వాడు ఎన్నడు పలికాడు? "నోర్ముయ్యవే" అంటాడు. నువ్వు రా. పొద్దున మొదటి పడవకే రా, బాబాయి తోడు వస్తాడు. వలలు లాగేటప్పుడు అవతలి పడవకు వినబడేలా ఎలా కేక వేస్తావో, వాడి చెవి దగ్గర అలాగే వెయ్యి. నర్సులు ఊరుకోమంటే వాళ్ల సంగతి నేను చూసుకుంటాను.

ఇట్లు,
రేపు రేవులో నీ కోసం నిలబడి ఉండే
నీ కూతురు
మీరాన్