కాడి దించని బండి

నరసరావుపేట
1946 ఏప్రిల్, శనివారం

పడుకుంటే నిద్ర పట్టడం లేదు. ఆ ఎద్దు మెడే కళ్ళముందు కనిపిస్తోంది.

బజారులో బండి ఆపాలంటే డబ్బు కట్టి మునిసిపాలిటీ చీటీ తీసుకోవాలని, లేకపోతే జరిమానా అని నోటీసు రాసింది నేనే. ఆపడమంటే ఏమిటని ఆఫీసరు అడిగితే, కాడి దించితే ఆపినట్టేనన్నాను. ఎంత తెలివిగా చెప్పాననుకున్నానో! ఇప్పుడు దాన్ని మార్చమని ఏ మొహం పెట్టుకుని అడగను?

ఇవాళ జరిమానాలు రాయడానికి బజారుకెళితే, మిరపకాయల కొట్టు ముందు కారంపూడి నుంచి వచ్చిన ఒక ముసలాయన బండి ఉంది. పొద్దుటినుంచీ ఎద్దులు కాడి కిందే ఎండలో నిలబడి ఉన్నాయి. ఒకదాని మెడ ఒరుసుకుపోయి నెత్తురు కారుతోంది.

"ఏంది తాతా, ఎద్దుల్ని విప్పవేం?" అన్నాను.

"విప్పితే చీటీ అడగరా బాబూ? నా బండి ఆగలా. పోతానే ఉంది."

కొట్టు ముందున్న వాళ్ళంతా నవ్వారు. నాకు ముందు కోపం వచ్చింది, తర్వాత సిగ్గేసింది.

"అడగనులే, విప్పు."

ఆయన నా చేతిలోని జరిమానా పుస్తకం వైపు చూశాడు. దాన్ని సంచిలో పెట్టేశాను. అయినా కదల్లేదు. ఇక నేనే కాడి మీద చెయ్యి వేశాను. ఆయన గబుక్కున నా చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు బాబూ. మీరు విప్పినా, రాసేది నా పేరేగా."